తలుపు పక్కన రహస్యం

మా రేలమర్రులో ఏ ఇంటికి వెళ్లినా తలుపు పక్కన నీలిరంగు రేకు పలక ఒకటి కనిపిస్తుంది. దానిమీద ఇంటి నంబరు, ఆ కింద కాస్త పెద్ద అక్షరాలతో ఆ ఇంటివాళ్ల రహస్య పదం రాసి ఉంటాయి. పైన కుడివైపు మా కమిషనర్ గారి ఫొటో. అడుగున ఎర్ర అక్షరాలతో ‘పై పదమును ఎవరికీ చెప్పరాదు’ అనే హెచ్చరిక. వీధిలో నడిచే ఓపిక ఉంటే ఊరందరి రహస్యాలూ చదువుకుంటూ పోవచ్చు. చదువు రానివాళ్ల సౌకర్యం కోసం శనివారాలు చెత్తబండి మైకులో కూడా వినిపిస్తారు.

పొరుగూళ్లవాళ్లు ఇది చూసి నవ్వుతారు. వాళ్లకి పరిపాలన అంటే ఏమిటో తెలియదు. నేను ఇక్కడి పురపాలక సంఘం కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని, పేరు సోమలింగం. రహస్య పదాల విభాగం పుట్టినప్పటినుంచీ నా బల్లమీదే ఉంది. కాబట్టి అది ఎందుకు పుట్టిందో, ఎలా పెరిగిందో నేను చెబితేనే సబబు.

అంతా పేరంటాలమ్మతో మొదలైంది.

బస్టాండు ఎదురుగా పూతరేకుల దుకాణం ఆవిడది. మొగుడు పోయాక ఆ దుకాణం మీదే కూతురు లోవకుమారిని చదివించుకొస్తోంది. ఆ పిల్ల విశాఖపట్నంలో నర్సింగు ఆఖరి సంవత్సరం. ఆ ఆఖరి సంవత్సరం ఫీజు కోసం పేరంటాలమ్మ కూడబెట్టిన డబ్బు బ్యాంకులో ఉంది. బ్యాంకు ఆవిడ ఫోనులో ఉంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆ ఫోను మోగింది. తెలియని నంబరు, కానీ గొంతు లోవకుమారిదే. ఒకటే ఏడుపు. యాక్సిడెంటయిందట, ఆస్పత్రిలో ఉందట, ఎవరిదో ఫోను అడిగి చేస్తోందట, ఇదే నంబరుకి వెంటనే డబ్బు పంపమంది. ఈ రోజుల్లో మనిషి గొంతు కాసింత దొరికితే చాలు, కంప్యూటరు ఆ గొంతుతో ఏమైనా పలికిస్తుంది. ఆ సంగతి పిల్ల సెలవులకొచ్చినప్పుడే తల్లికి చెప్పింది. ఎందుకైనా మంచిదని ఇద్దరికే తెలిసిన మాట ఒకటి అనుకున్నారు. డబ్బు పంపబోతూ పేరంటాలమ్మకి అది గుర్తొచ్చింది. “మన మాటేదో చెప్పమ్మా,” అంది. అవతల ఏడుపు టక్కున ఆగింది. “ఏం మాట?” అంది ఆ గొంతు.

ఆవిడ ఫోను పెట్టేసి కూతురి మామూలు నంబరుకి చేసింది. “క్లాసులో ఉన్నానే, తర్వాత చేస్తాను,” అని పిల్ల విసుక్కుంది. ఆ విసుగు చెవిన పడ్డాక పేరంటాలమ్మ గల్లాపెట్టె మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది.

అక్కడితో ఆగి ఉంటే అది తల్లీకూతుళ్ల తెలివిగానే మిగిలేది. కానీ ఎవరో విలేకరి పూతరేకులు కొనడానికి వచ్చి ఈ కబురు విని, పేపర్లో వేశాడు. పేపర్లో వచ్చిన మంచి పనిని మా కార్యాలయం ఊరికే వదిలిపెట్టదు.

మా కమిషనర్ ఉదయభాస్కరం గారు చాలా మంచివారు. లంచం ముట్టరు, వేళకి వస్తారు. ఎక్కడ మంచి కనపడినా దాన్ని పథకం చేసేదాకా ఆయనకి నిద్రపట్టదు, అదొక్కటే ఇబ్బంది. ఇదివరకు ఒక మాస్టారు తన గుమ్మం ముందు మందార మొక్క నాటితే ఆయన ముచ్చటపడి, ఊరందరిచేతా మొక్కలు నాటించి, ఆ మొక్కలకి హాజరు పట్టీ పెట్టారు. ఎండిపోయిన మొక్కలకి, అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు సంజాయిషీ నోటీసులు నేనే టైపు చేశాను.

పేరంటాలమ్మకి టౌన్ హాల్లో సన్మానం పెట్టారు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. కమిషనర్ గారు మైకు అందుకున్నారు.

“సైబర్ నేరముల నిరోధమునందు ఈ మహిళామూర్తి ప్రదర్శించిన అప్రమత్తత మిక్కిలి శ్లాఘనీయము. ఆమెను కాపాడినది ఒకే ఒక్క రహస్య పదము. ఆ పదమేమిటో ఇప్పుడు ఆమె నోటనే విని మనమందరము స్ఫూర్తి పొందెదము గాక.”

అని మైకు ఆవిడకి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. పేరంటాలమ్మ మైకుకేసి, జనంకేసి చూసింది.

“చెప్పకూడదండి,” అంది.

“ఫరవాలేదమ్మా, ఇక్కడున్నది అందరూ మనవాళ్లే.”

“మనోళ్లే గానండి, చెప్పేత్తే ఇంకది రహస్యమెలాగవుద్దండీ?”

హాలంతా నవ్వింది. కమిషనర్ గారు కూడా నవ్వారు గానీ, దిగేటప్పుడు మెట్ల మీదే ఆగిపోయారు. “సోమలింగం గారూ, పౌరుల వద్ద ఉండి ప్రభుత్వము వద్ద లేని సమాచారము మిక్కిలి ప్రమాదకరము. రాసుకోండి,” అన్నారు. శాలువా కప్పించుకున్న పాపానికి పేరంటాలమ్మ ఊరి మీదికి ఒక పథకాన్ని తెచ్చింది. పేరు ‘ఇంటింటా రహస్య పదం’.

ప్రతి కుటుంబమూ తమ రహస్య పదాన్ని కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. నమోదు కోరిన పదాన్ని నోటీసు బోర్డు మీద పెడతాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపాలి. అభ్యంతరాలు లేని రహస్యాలనే మంజూరు చేస్తాం. రహస్యాన్ని బోర్డు మీద పెట్టడమేమిటని అడిగినవాళ్లకి, పారదర్శకత అని చెప్పమన్నారు. చెప్పాను.

అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ‘ఆవకాయ’ అనే పదం కోసం ఒక్క వార్డులోనే ఇంటికొక దరఖాస్తు పడితే చివరికి చీట్లు వేసి డిప్పు తీయాల్సొచ్చింది. ఓడిపోయినవాళ్లు మాగాయతో సరిపెట్టుకున్నారు. చేపల మార్కెట్టు వీధిలో వీర్రాజు తన ఇంటి పదం ‘గేదె’ అని పెట్టాడు. పక్కింటి నూకరత్నం అభ్యంతరం తెలిపింది. కమిషనర్ గారు ఇద్దరినీ పిలిచి విచారణ జరిపారు.

“సదరు పదము మిమ్ములను ఉద్దేశించినదేనని రుజువేమిటి?”

“అర్జీ ఇచ్చొచ్చిన రోజు నన్ను చూసి నవ్వేడండి,” అంది నూకరత్నం.

“నవ్వితివా?” అని వీర్రాజుని అడిగారు.

“నవ్వేనండి. కానండి, గేదె ఈనిందన్న సంతోషానండి.”

ఉభయుల గౌరవానికీ భంగం రాకుండా గేదెను ‘పశుసంపద’గా సవరిస్తూ తీర్పిచ్చారు.

ఈ గొడవలు చూశాక, జనానికి రహస్యాలు పెట్టుకునే పాటి భాషాజ్ఞానం లేదని తేలింది. రిటైరయిన తెలుగు పండితులు చయనులు గారి అధ్యక్షతన సంఘం వేశారు. ఆయన పప్పు, చింతకాయ, చంటోడు వంటి పదాలన్నీ కొట్టేసి, ప్రభుత్వ గౌరవానికి తగిన పదాలు కేటాయించారు. ఉద్యోగులు ఆదర్శంగా ఉండాలి కనక మా ఇంటికి ‘సుపరిపాలన’ వచ్చింది. సైకిల్ షాపు అబ్బులుకి ‘అంతర్వాహిని’ తగిలింది. అబ్బులు ఎంత ప్రయత్నించినా అది అతని నోట పలకలేదు.

పలకనిదీ గుర్తుండనిదీ అతనొక్కడికే కాదు. నిజం కొడుకులు ఫోను చేసి పదం మరచిపోయి తిట్లు తిన్నారు. అత్తవారింటినుంచి చేసిన ఆడపిల్లల ఫోన్లని తల్లులు కట్ చేశారు. కమిషనర్ గారు బాధపడి, మరుపు సమస్యకి శాశ్వత పరిష్కారంగా తలుపు పక్కన పలకలు కొట్టించారు. ఊళ్లో లేనివాళ్లు ఇబ్బంది పడకుండా పదాలన్నీ వెబ్‌సైటులో పెట్టించారు. పలకల అడుగున ‘ఎవరికీ చెప్పరాదు’ అని ఎర్ర అక్షరాలతో వేయించింది మాత్రం నా సలహా మీదే. ఎంతయినా భద్రత ముఖ్యం.

పలకలు కొట్టిన వారంలోనే అబ్బులుకి ఫోనొచ్చింది. పాలకొల్లులో ఉండే తమ్ముడి గొంతు. ఆపదలో ఉన్నాను, డబ్బు పంపమని అడిగి, తడుముకోకుండా ‘అంతర్వాహిని’ అంది. అబ్బులు గాలికొట్టే మిషను కొనుక్కుందామని దాచుకున్నదంతా పంపేశాడు. తరవాత కార్యాలయానికి పరిగెత్తుకొచ్చాడు. ఇలాంటప్పుడు ముందుగా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చెయ్యాలి. వెంటనే చేస్తే ఆ డబ్బు దొంగ ఖాతాలోంచి పోకముందే ఆపే వీలుంటుంది. ఆ విలువైన సమయంలో అబ్బులు మా వరండాలో బల్లమీద, కమిషనర్ గారి మీటింగు అయ్యేదాకా కూర్చున్నాడు. ఈలోగా కబురు తెలిసి తమ్ముడు కూడా పాలకొల్లునుంచి వచ్చేశాడు.

“ఫోను చేసిన వ్యక్తి పదము సరిగా పలికెనా?” అని అడిగారు కమిషనర్ గారు.

“పలికేడండి. అంత సుబ్బరంగా పలికినప్పుడే నాకు అనుమానం రావాల్సిందండి,” అన్నాడు అబ్బులు.

“పలికినచో అతడు మీ తమ్ముడే.”

“మా తమ్ముడు ఇదిగోండి, నా పక్కనే ఉన్నాడండి.”

కమిషనర్ గారు ఆ తమ్ముడివైపు తిరిగారు. “నీవు పదము పలుకుము.”

“నాకు నోరు తిరగదండి,” అన్నాడు తమ్ముడు.

“అయినచో ఇతడు మీ తమ్ముడని ఈ కార్యాలయము ధ్రువీకరింపజాలదు.”

అబ్బులు తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు. నాకు చాలా జాలేసింది. జాలిపడే అధికారం నా హోదాకి లేదు కనక కాయితం మీద ‘విచారణ ముగిసినది’ అని రాశాను. ఆ తీర్పే తరవాత నిబంధన అయింది. ఇంటి పలక మీది పదం చెప్పినవాళ్లెవరైనా సరే ఆ ఇంటి కుటుంబ సభ్యులే. కుటుంబ సభ్యులు డబ్బు తీసుకోవడం నేరం కాదు. దాంతో మా రేలమర్రులో సైబర్ నేరాల సంఖ్య సున్నాకి దిగింది. రాష్ట్రంలో మరే పట్టణమూ ఇంత తక్కువ సాధించలేదని కమిషనర్ గారు పై కార్యాలయానికి రాశారు. పైనుంచి మెచ్చుకోలు వచ్చింది, పురస్కారానికి పరిశీలిస్తామన్నారు.

ఊరు మొత్తమ్మీద పలక లేని ఇల్లు ఒక్కటే మిగిలింది. పథకానికి స్ఫూర్తిదాత ఇల్లు.

పేరంటాలమ్మ దుకాణం లైసెన్సు గడువు అప్పుడే అయిపోయింది. రహస్య పదం నమోదు చెయ్యనిదే లైసెన్సు కొత్తది ఇవ్వరాదని, లేకుండా నడిపితే దుకాణానికి సీలు వెయ్యాలని కమిషనర్ గారు ఉత్తర్వు వేసి, ఆవిడకి నచ్చజెప్పిరమ్మని నన్ను పంపారు. వెళ్లేసరికి ఆవిడ బోర్లించిన కుండ మీద పిండినీళ్లలో ముంచిన గుడ్డ ఆడిస్తూ రేకులు తీస్తోంది.

“రండి బాబూ, కూర్చోండి. మాట కోసమే కదండీ?”

“ఒక్క మాటేనమ్మా. చెప్పేస్తే పోలేదూ?”

“ఆ మాట ఊరికే అనుకున్నది కాదండి. మా పిల్ల చిన్నప్పుడు జొరమొచ్చి ఒళ్లు తెలీకుండా పడుంటే, నేనే ఒళ్లో పెట్టుకుని పిలిచిన పిలుపండి. తరవాతెప్పుడూ నలుగురిలో అన్లేదు. మా ఆయనక్కూడా తెలీదు. దాన్ని రేకు మీద రాసి మేకు కొట్టేత్తే నాకేం మిగులుద్ది చెప్పండి?”

నేను తలదించుకున్నాను.

“పైగానండి, ఫీజు డబ్బంతా ఈ ఫోన్లోనే ఉంది. దానికున్న తాళం ఆ మాటొక్కటే. తాళంచెవి తీసుకెళ్లి గుమ్మానికి తగిలించమంటున్నారు మీ సారు.”

“లేకపోతే దుకాణం మూసేస్తారు పేరంటాలమ్మా.”

“దుకాణం మూసేత్తే పిల్ల నెలనెలా ఏం తింటాదండి? మాటిత్తే ఫీజు పోద్ది, ఇవ్వకపోతే కూడు పోద్ది. మీరు చదువుకున్నోరు, మీరే చెప్పండి ఏది ఇమ్మంటారో.”

ఆవిడ పెట్టిన పూతరేకు నోట్లో వేసుకున్నాను. ఉత్తర్వు కాపీ బల్లమీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే పేరంటాలమ్మ కార్యాలయానికి వచ్చింది. కడిగిన ముఖం, ఉతికిన చీర. నా బల్ల ముందు నిలబడి, “రాసుకోండి బాబూ. బెల్లం,” అంది.

జ్వరంలో ఉన్న పిల్లని బెల్లమా అని పిలిచి ఉంటుంది పాపం అనుకుని రాశాను. ఆవిడ ఓడిపోయిందనిపించి మనసు చివుక్కుమంది. చయనులు గారు ‘గుడము’ అని సవరించబోతే, స్ఫూర్తిదాత కనక మినహాయించమని కమిషనర్ గారు దయతలిచారు. సాయంత్రానికి ఆవిడ ఇంటికి పలక కొట్టారు. నాలుగు రోజులకి లైసెన్సు సంతకమయింది. దాన్ని ఇచ్చిరావడానికి నేనే వెళ్లాను.

దుకాణంలో అడుగుపెట్టానో లేదో ఆవిడ ఫోను మోగింది. చేతులకి నెయ్యి ఉందని మోచేత్తో స్పీకరు నొక్కింది. లోవకుమారి గొంతు వెక్కివెక్కి ఏడుస్తోంది. “అమ్మా, నన్ను పోలీసులు పట్టుకున్నారే. వెంటనే డబ్బు పంపవే. బెల్లం అమ్మా, బెల్లం.”

వేయించింది మేమే, ఆ పలక. ఫోను లాక్కుందామని లేచాను. పేరంటాలమ్మ తొణకలేదు.

“ఇంకోసారి చెప్పు తల్లీ, సరిగా వినపళ్లేదు.”

“బెల్లం అమ్మా.”

“అలాగా నాయనా. వీధిలో పలక చదివేవా, కంప్యూటర్లో చదివేవా?”

అవతల ఫోను పెట్టేశారు. ఆవిడ చేతులు తుడుచుకుని, 1930కి చేసి ఆ నంబరు చెప్పేసింది. చెప్పడం బాగా అలవాటైన పనిలాగే చెప్పింది.

“మా పిల్ల చచ్చినా బెల్లం అనదండి. అసలు మాట అదైతే కదా. బెల్లమన్నాడంటే ఆడు పలక చదివిన దొంగేనని లెక్క. ఇదివరకు అడిగి కనుక్కోవాల్సొచ్చేది. ఇప్పుడు ఆళ్లే చెప్పేత్తన్నారు. మీ సారు మంచి పనే చేసేరండి.”

“ఇది తప్పుడు నమోదు పేరంటాలమ్మా. తెలిస్తే లైసెన్సు రద్దు చేస్తారు.”

“మరి రద్దు చెయ్యమని చెప్తారా బాబూ?” అని నా ముఖంలోకి చూసింది. “చెప్తే నాతోపాటు ఊరందరివీ చెప్పాలండి. అబ్బులు సంగతి విన్న కాణ్నించి ఇంటింటా అసలు మాట లోపల వేరే పెట్టుకున్నారు. పలక మీదది దొంగల కోసమేనండి. మీ ఇంట్లోనూ అంతే కదండీ?”

“మా ఇంట్లో ‘సుపరిపాలన’,” అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

కార్యాలయానికి వెళ్లి, మా ల్యాండ్‌లైనునుంచి ఇంటికి ఫోను చేశాను. గ్యాసు సిలిండరు తెచ్చిన మనిషి అడిగే నంబరు మా ఆవిడ ఫోనుకి వస్తుంది, అది ఏమొచ్చిందో కనుక్కోవాలనే నెపం. భ్రమరాంబ ఎత్తింది.

“నేనే. సుపరిపాలన. ఫోనుకి వచ్చిన నంబరు చెప్పు.”

“ఓరి నీ దుంపతెగ,” అంది నా భార్య. “మా ఆయన గొంతు కూడా నేర్చేసుకున్నావా? అచ్చం ఆయనలాగే నసుగుతున్నావు. ఆ నంబరు ఎవరికీ చెప్పకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు, పెట్టెయ్.”

పెట్టేసింది. ఇంటికెళ్లి నేనే ఫోను చేశానని చెబితే, “అలాగా,” అంది గానీ అసలు మాట మాత్రం చెప్పలేదు. “మీరు అమాయకులండీ, ఆఫీసులో ఎవరైనా అడిగితే రాసిచ్చేస్తారు,” అంది. కాదనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఊరందరి రహస్యాలకీ అధికారిని నేను. నా ఇంటి రహస్యం మాత్రం నాకు తెలియదు.

ఈలోగా పురస్కారం విషయం తేల్చడానికి రాజధానినుంచి డైరెక్టరు హైమావతి గారు వచ్చారు. టౌన్ హాలు నిండిపోయింది. కమిషనర్ గారు ప్రసంగిస్తూ ప్రసంగిస్తూ ఉన్నట్టుండి, “పథకము ఎట్లు పనిచేయునో ఇప్పుడు ప్రత్యక్షముగా చూపెదను. మన స్ఫూర్తిదాతకే ఫోను చేసెదను. పదము చెప్పిన తక్షణమే ఆమె నన్ను కుటుంబ సభ్యునిగా స్వీకరించును,” అన్నారు.

ఆవిడ నమ్మినట్టు నటిస్తే ఫీజు డబ్బు పోతుంది. దొంగవని తిడితే పదం అబద్ధమని బయటపడి దుకాణం పోతుంది. “సార్, ఈ వేళప్పుడు ఆవిడ రేకులు తీస్తూ ఉంటుంది, చేతికి పిండి ఉంటుంది,” అని చెవిలో అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఎవరిదో ఫోను అడిగి తీసుకుని, నంబరు నొక్కి మైకు దగ్గర పెట్టారు.

“ఎవరండీ?” అంది పేరంటాలమ్మ గొంతు హాలంతా.

“నేను మీ కుటుంబ సభ్యుడను. రహస్య పదము, బెల్లము. వెంటనే ఈ నంబరుకు నగదు బదిలీ చేయగలరు.”

ఒక్క క్షణం పొయ్యి చిటపటలు మాత్రం వినిపించాయి.

“నాయనా, పొద్దుటి కాణ్నించి నీలాంటోళ్లు ఎంతమంది చేసేరో తెలుసా? ఒకడు పిల్ల గొంతుతో చేత్తాడు, ఒకడు బ్యాంకోడినంటాడు. ఇప్పుడు నువ్వు మా కమిషనర్ గారి గొంతు పట్టేవు. ఆయన తిక్కోడే గాని దొంగ కాదురా. ఆ మనిషి పరువెందుకు తీత్తావు? పో, పోయి కష్టపడి బతుకు.”

ఫోను కట్టయింది. వెనకనుంచి నూకరత్నం కిసుక్కున నవ్వింది. ఆ తరవాత అబ్బులు చప్పట్లు మొదలుపెట్టాడు, హాలంతా అందుకుంది. చప్పట్లు సద్దుమణిగేలోపు, గుమ్మం దగ్గర బందోబస్తుకొచ్చిన ఎస్సై గారు ఎవరితోనో ఫోను మాట్లాడుతూ వేదిక దగ్గరికి వచ్చి, ఆ నంబరు మీద ఇప్పుడే ఫిర్యాదు నమోదయిందని, ఫోను ఎవరిదని మెల్లిగా అడిగారు.

హైమావతి గారు కళ్లజోడు సవరించుకున్నారు. “పదం సరిగానే చెప్పారు కదా. మరి ఆవిడ ఎందుకు నమ్మలేదు?”

కమిషనర్ గారు పాలిపోయిన ముఖంతో నావైపు తిరిగారు. నిజం చెప్పడం నా ధర్మం. చెబితే బస్టాండు ఎదుట ఒక తలుపుకి సీలు పడుతుంది. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి పై అధికారి ఎదుట నోరు దానంతటదే తెరుచుకుంది.

“అమ్మా, ఇది పథకము యొక్క రెండవ దశ. మొదటి దశయందు ప్రజలకు పదము కేటాయించడమైనది. రెండవ దశయందు సదరు పదము చెప్పినవారినెవరినీ నమ్మరాదని శిక్షణ ఇవ్వడమైనది. ఆమెకు కమిషనర్ గారి గొంతు తెలిసి కూడా నమ్మకపోవుట ఆ శిక్షణ ఫలితమే.”

“అద్భుతం,” అన్నారు హైమావతి గారు, రాసుకుంటూ. కమిషనర్ గారు నాకంటే ముందే తేరుకుని, రెండవ దశ ఆలోచన తమకు ఎప్పుడు కలిగిందో వివరించడం మొదలుపెట్టారు.

పురస్కారం మాకే వచ్చింది. దానితోపాటు రెండవ దశను నిబంధనల్లో చేర్చమని ఆదేశం కూడా వచ్చింది. కమిషనర్ గారు తలుపులు వేసుకుని ఆలోచించి కొత్త ఉత్తర్వు తయారుచేశారు. ఇకమీదట పలక మీద ఉండే పదం తప్పనిసరిగా అబద్ధమై ఉండాలి. అది నిజంగా అబద్ధమేనని కార్యాలయం సరిచూసుకోవడానికి వీలుగా, ప్రతి కుటుంబమూ తమ నిజమైన రహస్య పదాన్ని కూడా తెలియజేయాలి. లేనిచో లైసెన్సులు రద్దు. సదరు నిజమైన పదాలపై అభ్యంతరాలకు నోటీసు బోర్డు ఖాళీ చేయించారు.

అందరికంటే ముందు స్ఫూర్తిదాతదే నమోదు చేసుకురమ్మన్నారు. వెళ్లాను. పేరంటాలమ్మ రేకుల మీద నెయ్యి రాస్తోంది. లోవకుమారి ఫీజు అంతకుముందురోజే కట్టేసిందట. పిల్ల పంపిన రసీదు ఫోనులో చూపించి, “ఇంక పరీక్షలేనండి,” అంది. ఆవిడ ముఖం చూసి నాకూ సంతోషమయింది. తరవాత వచ్చిన పని చెప్పాను. ఉత్తర్వు చదివి వినిపించాను. ఆవిడ పని ఆపకుండానే విన్నది.

“అయితే ఇప్పుడు నిజం మాట చెప్పాలన్నమాట.”

“అవునమ్మా. నిజమేనని నేను సంతకం పెట్టాలి.”

పేరంటాలమ్మ తలెత్తి నావైపు చూసింది. నేనూ ఆవిడవైపు చూశాను.

“పంచదార అని రాసుకోండి బాబూ,” అంది.

రాసుకున్నాను. దాని కింద ‘స్వయముగా విచారించి, నిజమని ధ్రువీకరించడమైనది’ అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాను.